రొయ్యల రైతు అడిగింది ఒకటి, కావాల్సింది ఇంకొకటి: చాట్‌బాట్‌కి ఎలా నేర్పాలి?

ప్రశ్న (భీమవరం): "50 కౌంట్ (కిలోకి 50 రొయ్యలు తూగే సైజు) ఎంతుంది?" అంటే మా బాట్ ధర చెప్పి ఊరుకుంటోందండి. పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టి అమ్మడం) ఇప్పుడు పెట్టాలా, ఆగాలా అన్నదే రైతు అసలు సందేహం. ఆ ఉద్దేశాన్ని బాట్‌తో ఎలా పసిగట్టించాలి?

జవాబు 1: పాత సమస్యేనండి. మాంట్రియల్ రైలు ఎప్పుడని అడిగితే టైముతోపాటు గేటు నంబరూ చెప్పాలని 1980లోనే కంప్యూటర్ పరిశోధకులు అలెన్, పెరాల్ట్ చూపించారు, అడిగినాయన ప్లాన్ రైలెక్కడం కాబట్టి. మీరూ ధరతోపాటు చెరువు వయసు అడగండి.

జవాబు 2: ఒక్క ఉద్దేశానికే కట్టుబడొద్దు, అన్నిటికీ సంభావ్యత ఉంచండి. తెల్లవారుజామున "రొయ్యలు పైకి తేలుతున్నాయి" అన్నారనుకోండి. ముందు అంచనా: ఆక్సిజన్ కొరత 0.5, జబ్బు 0.3, అమ్మకం 0.2. ఒక్కోటి నిజమైతే ఆ మాట వచ్చే అవకాశాలు వరసగా 0.6, 0.3, 0.05. గుణించి, మొత్తం 0.40తో భాగిస్తే ఆక్సిజన్ కొరత సంభావ్యత 0.75కి చేరుతుంది. ఇక్కడ ప్రశ్నలతో కాలయాపన వద్దండి, ముందు ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) వేయమనాలి. ఆలస్యమైతే చెరువే పోతుంది. ధర విషయంలో అయితే తీరిగ్గా అడగొచ్చు.

జవాబు 3: ఒకే ఫోన్ నుంచి రైతూ అడుగుతాడు, కమీషన్ ఏజెంటూ అడుగుతాడు. పాత ప్రొఫైల్‌నే నమ్ముకుంటే తప్పుతుంది. ప్రతి సంభాషణకీ పాత అంచనా బరువు కొంత తగ్గించండి.