అప్‌డేట్: మూడు గుర్రాల్ని తీసుకెళ్లే లారీ తయారైంది

రెండు నెలల కిందట అడిగాను కదా, 17 అడుగుల లారీ బాడీలో మూడు మార్వాడీ జాతి గుర్రాల్ని బండి పొడవునా నిలువుగా కట్టాలా, ఏటవాలుగా కట్టాలా అని. చివరికి ఏటవాలే ఖాయం చేశాం. షెడ్డు నేల మీద సుద్దతో గీతలు గీసి, గుర్రాల్ని నిజంగానే వాటిలో నిలబెట్టి చూశాకే నాకు ధైర్యం వచ్చింది. ఒక్కోదానికి 2.5 అడుగుల వెడల్పు ఇచ్చి, ముందు 4 అడుగులు జీన్లకీ, మేతకీ, మనిషి కూర్చోడానికీ వదిలాం. లోపల ఎత్తు 7.5 అడుగులు.

ఒక్క తప్పు మాత్రం జరిగింది. బాడీ కట్టినవాళ్లు గుర్రాల మధ్య పార్టిషన్లు (అడ్డుగోడలు) నేల దాకా దించేశారు. మొదటి ట్రయల్‌లో మలుపు తిరిగినప్పుడల్లా మా ఆడగుర్రం కాళ్లు చాపుకోవడానికి చోటు లేక గోడకి ఒరిగి వణికిపోయింది, చెమటతో మెడంతా తడిసిపోయింది, చూస్తుంటే నా ప్రాణం విలవిల్లాడింది. పార్టిషన్ల కింద 2 అడుగులు కోయించి రబ్బరు షీటు వేలాడదీశాం. ఇప్పుడు కాళ్లు ఎడంగా పెట్టుకుని హాయిగా గడ్డి నములుతోంది.

గుర్రాలు ఎక్కి దిగే ర్యాంపు వాలు ఇంకా ఎక్కువగానే ఉంది, అందుకే లారీని మట్టి గట్టుకి ఆనించి గుర్రాల్ని దించుతున్నాం. పార్టిషన్లు నేల దాకా వద్దని ముందే చెప్పినవాళ్లకి చాలా థాంక్స్, అప్పుడే వినాల్సింది.