మార్కెట్‌ని ఏలబోయే టెక్ కంపెనీని ముందే గుర్తుపట్టడం ఎలా?

కొత్తగా_దిగాను:

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాదు. నాలుగేళ్లుగా నెలనెలా ఇండెక్స్ ఫండ్‌లో కొంత వేస్తున్నాను, అది బాగానే ఉంది. దాంతో ధైర్యం వచ్చి ఒక టెక్ కంపెనీ షేర్లు విడిగా కొన్నాను. పేరు ఎందుకులెండి. కొన్న ధరలో ఇప్పుడు మూడో వంతు కూడా లేదు. అప్పుడు నా లెక్క ఒక్కటే: ఇంట్లో అదే వాడుతున్నారు, ఆఫీసులో అదే, ఎవరిని అడిగినా అదే పేరు, ఇక దీనికి తిరుగేముంది అని. తమాషా ఏంటంటే వాళ్లంతా ఇప్పటికీ వాడుతూనే ఉన్నారు. నా డబ్బే పోయింది.

ఫలానా కంపెనీ ఆ రంగాన్ని ఏలుతుందని చెప్పే గుర్తులు ఏమైనా ఉంటాయా? అందరికన్నా ముందు వచ్చినవాడే గెలుస్తాడని ఒక స్నేహితుడు అంటాడు. నిజమేనా?

పాత_సర్వర్:

తమ్ముడూ, పదిహేడేళ్లుగా ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ కొనుగోళ్లు చూసే పని నాది. ఈ టెక్ కంపెనీలన్నీ నాకు షేర్ ధరల కన్నా వాళ్లు పంపే బిల్లుల ద్వారానే ఎక్కువ పరిచయం.

మీ స్నేహితుడి మాట ముందు తేల్చేద్దాం. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి. 1998లో గూగుల్ పుట్టేనాటికి యాహూ, ఆల్టావిస్టా, లైకోస్ లాంటి సెర్చ్ సైట్లు అన్నీ ఉన్నాయి. మైస్పేస్ అనే సోషల్ మీడియా సైట్‌ని 2005లో 58 కోట్ల డాలర్లకు కొన్న న్యూస్ కార్ప్, 2011లో సుమారు మూడున్నర కోట్లకు వదిలించుకుంది. మధ్యలో ఫేస్‌బుక్ వచ్చింది, అంతే.

ఇక అసలు సంగతి. మా దగ్గర ఒక డేటాబేస్ ఉంది. ఒక ఏడాది రెన్యువల్‌కి రేటు గట్టిగా పెంచారు. మా పెద్దాయనకు ఒళ్లు మండి "తీసి పారేయండి, వేరేది చూడండి" అన్నారు. ఆరుగురిని ఆ పని మీద కూర్చోబెట్టాం. మొదటి నెల అంతా హుషారే. తర్వాత తవ్వేకొద్దీ బయటపడింది: జీతాల లెక్క దాని మీదే, సరుకు లెక్క దాని మీదే, ఎప్పుడో మానేసి వెళ్లిపోయినవాళ్లు రాసిన కోడ్ వందల చోట్ల దాని మీదే. ఒకటి కదిపితే మూడు ఆగిపోయేవి. పద్నాలుగు నెలల తర్వాత ఫైలు మూసేసి, పెంచిన రేటుకే సంతకం పెట్టాం. ఆ సేల్స్ అతను గెలిచినట్టు మొహం కూడా పెట్టలేదు. ఇలాంటివి రోజూ చూస్తాడు కదా!

అదే ఏడాది మీటింగుల సాఫ్ట్‌వేర్ కూడా మార్చాం. శుక్రవారం మెయిల్ పంపాం, సోమవారం అందరూ కొత్తదాంట్లో ఉన్నారు. వెనకాల పెట్టుకున్న సముద్రం బొమ్మ పోయిందని ఒక్కడు ఫిర్యాదు చేశాడు.

అప్పటి నుంచి నేను చూసేది అదే. దీన్ని వదిలేయాలంటే ఎంత ఏడవాలి? మీరు ఏ షేరు కొన్నారో నేను అడగను కానీ, జూమ్ కథ అందరికీ తెలిసిందే. లింకు నొక్కితే చాలు, ఎవరైనా మీటింగులోకి వచ్చేస్తారు. ఆ సులువే దాన్ని ఇంటింటికీ చేర్చింది. వచ్చినంత సులువుగా వెళ్లిపోవచ్చు కూడా. 2020 అక్టోబరులో 560 డాలర్లు దాటిన షేరు 2022 ముగిసేసరికి 70కి దిగువన ఉంది. ఆ రెండేళ్లలో అమ్మకాలు తగ్గలేదు సుమా, పెరిగాయి.

నోకియా కూడా అంతే. 2007 చివర్లో ప్రపంచంలో అమ్ముడైన ప్రతి పది ఫోన్లలో నాలుగు దానివే. కానీ సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేస్తే పని అయిపోయేది. వదిలేస్తే పోయేది పాముల ఆట ఒక్కటే.

లెక్కల_పిచ్చి:

పాత_సర్వర్ గారు సగమే చెప్పారు. వదల్లేని సరుకు ఉన్నా, కొన్న ధర తప్పైతే మునిగినట్టే. మైక్రోసాఫ్ట్ కన్నా గట్టి పట్టు ఎవరికి ఉండేది? 1999 డిసెంబరులో దాన్ని కొన్నవాళ్లు ఆ ధర మళ్లీ చూసింది 2016లో. అన్నేళ్లూ ప్రపంచంలో పీసీలన్నీ దాదాపుగా విండోస్‌తోనే నడిచాయి. ఇంటర్నెట్ నడవడానికి కావాల్సిన నెట్‌వర్క్ పరికరాలు అమ్మే సిస్కో 2000 మార్చిలో కొద్ది రోజులు ప్రపంచంలోనే అత్యంత విలువైన కంపెనీ. ఇంటర్నెట్ పెరుగుతుందన్న అంచనా అక్షరాలా నిజమైంది. షేరు మాత్రం 80 డాలర్ల నుంచి 2002లో 10 లోపుకి పడింది.

రెండో వైపు చిప్‌లు చేసే ఎన్విడియా. 2007లో తన చిప్‌ల మీద ప్రోగ్రాములు నడపడానికి "కూడా" అనే సాఫ్ట్‌వేర్ విడుదల చేసింది, ప్రోగ్రామర్లు దాని మీదే కోడ్ రాయడం అలవాటు చేసుకున్నారు. (కూడా అంటే సి, యు, డి, ఎ. మన "కూడా" కాదు, నేను మొదటిసారి చదివినప్పుడు తికమకపడ్డాను.) వదల్లేని పట్టు అక్కడే మొదలైంది. కానీ ఆ ఏడాది షేరు శిఖరాన ఉన్నప్పుడు కొన్నవాడు మరుసటి ఏడాదికల్లా 80 శాతం పైగా పోగొట్టుకున్నాడు, తిరిగి ఆ ధరకు రావడానికి 2016 దాకా ఆగాలి. గుర్తు సరిగ్గా పట్టుకున్నవాడు కూడా తొమ్మిదేళ్లు చేతులు కట్టుకుని కూర్చోవాలన్నమాట. మీరు కూర్చోగలరా? నేనైతే అమ్మేసేవాణ్ణి.

కొత్తగా_దిగాను:

ధర సంగతి అర్థమైంది, అది నా తప్పే. కానీ అన్నా, బిల్లులు మీ టేబుల్ మీదకి వస్తాయి కాబట్టి మీకు కనిపిస్తుంది. బయట ఉన్నవాడికి ఈ "వదల్లేకపోవడం" ఎలా తెలుస్తుంది?

పాత_సర్వర్:

వ్యాపారాలకు అమ్మే కంపెనీ అయితే ఫలితాల్లో నెట్ రెవెన్యూ రిటెన్షన్ అని ఒక అంకె చాలామంది ఇస్తారు. నిరుడు వంద కట్టిన కస్టమర్లే ఈ ఏడాది ఎంత కట్టారన్నది అది. వందకి పైన ఉంటే పాతవాళ్లే ఎక్కువ కడుతున్నట్టు. రేటు పెంచిన ఏడాది కూడా అది పడిపోకపోతే నాలాంటివాళ్లు పళ్లు కొరుక్కుంటూ సంతకం పెడుతున్నారని అర్థం.

దానికన్నా నాకు నచ్చిన పద్ధతి ఇంకోటి ఉంది. ఉద్యోగ ప్రకటనలు చూడండి. వేరే కంపెనీలు "ఫలానాది వచ్చినవాళ్లు కావాలి" అని సరుకు పేరు పెట్టి మరీ అడుగుతున్నాయా? అడిగితే, జనం దాన్ని నేర్చుకుని దాని మీద బతుకుతున్నారు. వాళ్లు దాన్ని అంత సులువుగా పోనివ్వరు. అయితే ఇది మామూలు జనం వాడే యాప్‌లకు పనికిరాదు, అక్కడ మీ స్నేహితులంతా ఎక్కడ ఉన్నారన్నదే చూడాలి. లెక్కల_పిచ్చి చెప్పిన ధర మాట కూడా కాదనను, ఆయన నోరు చేదు గానీ మాట నిజం.

కొత్తగా_దిగాను:

ఇప్పుడే అరగంట కూర్చుని ఉద్యోగ ప్రకటనల్లో నా కంపెనీ సరుకు పేరు వెతికాను. ఆ కంపెనీలోనే చేరమని పిలిచినవి తప్ప ఒక్కటీ రాలేదు.