ఇంట్లో కేకుల పని మొదలుపెట్టి రెండు నెలలు: చుట్టాలు తప్ప కొత్త కస్టమర్లు రావట్లేదు

సుబేదారి వంటిల్లు

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. ఉగాది తర్వాత ఇంట్లోనే కేకులు చేసి అమ్మడం మొదలుపెట్టాను. అంతకుముందు హైదరాబాద్‌లో మూడు నెలలు క్లాసులకు వెళ్లి నేర్చుకున్నాను. ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్), బీటర్, చిన్న ఫ్రిజ్, సామాన్లు అన్నీ కలిపి 38 వేలు అయ్యాయి.

రెండు నెలల్లో 19 కేకులు అమ్మాను. అందులో 14 చుట్టాలకు, మా ఆయన ఆఫీసు వాళ్లకు. అంటే తెలియనివాళ్లు ఐదుగురే. 1000 పాంప్లెట్లు కొట్టించి పేపర్లలో పెట్టిస్తే ఇద్దరు ఫోన్ చేశారు. ఇద్దరూ రేటు అడిగి పెట్టేశారు. ఇన్‌స్టాగ్రామ్‌లో 340 మంది ఉన్నారు కానీ సగానికి పైగా ఊరి బయటివాళ్లు. లైక్ కొడతారు, వాళ్ల ఊరికి నేను కేక్ పంపలేను కదా.

బటర్‌స్కాచ్ కిలో 450కి ఇస్తున్నాను. బేకరీలో ఇంకా తక్కువకే వస్తుంది, నువ్వూ తగ్గించు అంటున్నారు ఇంట్లో. తగ్గించాలా? తిన్నవాళ్లు అందరూ బాగుందనే అన్నారు. అయినా ఫోన్ మోగదు. రాత్రుళ్లు అదే టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కాజీపేట అక్క

చెల్లె, ముందు ఆ రేటు తగ్గించే ఆలోచన మానుకో. ఆరేళ్ల నుంచి చేస్తున్నా, నా లెక్క చెప్తా. కిలో బటర్‌స్కాచ్‌కి ప్రీమిక్స్ (రెడీమేడ్ కేక్ పిండి), నూనె 60, విప్పింగ్ క్రీమ్ 90, గింజలు, సాస్ 35, డబ్బా, కింది అట్ట 40, కరెంటు 10. మొత్తం 235. నువ్వు 450కి ఇస్తే మిగిలేది 215. స్పాంజ్ చేసి, చల్లార్చి, క్రీమ్ పట్టించి, గిన్నెలు కడిగేసరికి మూడున్నర గంటలు. పెట్రోలు కూడా అందులోనే. బేకరీ వాళ్లు ఒకేసారి బోలెడు స్పాంజ్‌లు దింపుతారు, వాళ్ల రేటు వాళ్లకు గిట్టుతుంది. మనకు ఎట్ల గిట్టుతుంది? నేను 650 కన్నా తక్కువకు ఇవ్వను.

ఇప్పుడు అసలు సంగతి. 19 కేకులు పోయినయి అన్నావు. ఒక్కో బర్త్‌డేకి 25 మంది వచ్చినా దాదాపు 475 మంది నీ కేక్ తిన్నట్టే కదా. వాళ్లల్లో ఎంతమందికి అది నువ్వు చేశావని తెలుసు? డబ్బా మీద స్టిక్కర్ వేసి ఉంటావు. ఆ డబ్బా వంటింట్లోనే విప్పి పడేస్తారు, బయటికొచ్చేది కేక్ ఒక్కటే. నాకూ మొదట ఏడాది ఇట్లనే పోయింది. ఒకసారి మా ఆడబిడ్డ ఇంట్లో నా కేకే తింటూ ఒకామె "ఏ బేకరీ?" అని నన్నే అడిగింది.

అప్పటి నుంచి పేరు, ఫోన్ నంబర్ ఉన్న సన్నటి పట్టీని కేక్ కింది అట్ట అంచు మీద, ముందు వైపు అంటిస్తున్నా. కేక్ కోసేటప్పుడు అందరూ ఫోటోలు, వీడియోలు తీస్తారు కదా, ప్రతి దాంట్లో అది పడుతుంది. క్రీమ్ తగలకుండా అట్టను కేక్ కంటే రెండు అంగుళాలు పెద్దది తీసుకోవాలి. ఇంకో పది రూపాయలు ఖర్చు, అంతే. నాకు పాంప్లెట్లతో కాలేదు, ఈ పట్టీతోనే అయింది.

ఇంకొకటి, ఊరంతా తిరగకు. కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్ దాకా పది కిలోమీటర్లు, ఎండాకాలంలో స్కూటీ మీద క్రీమ్ కేక్ తీసుకుపోవడం మాటలు కాదు. మొదట మీ సుబేదారి, నక్కలగుట్ట, బాలసముద్రం చాలు. దగ్గరివాళ్లు ఇంకో దగ్గరివాళ్లకు చెప్తారు.

సుబేదారి వంటిల్లు

అక్కా, చదువుతుంటే గుండె జల్లుమంది. నిజమే, నా స్టిక్కర్ డబ్బా మీదే ఉంది. ఒక్క ఫోటోలో కూడా నా పేరు కనబడదు. ఇప్పుడే చూసుకున్నా.

బెలూన్ల అన్న

నేను వరంగల్, హనుమకొండలో ఫంక్షన్ డెకరేషన్లు చేస్తాను. బెలూన్లు బుక్ చేసుకోవడానికి వచ్చినవాళ్లు రేటు తర్వాత అడిగే మాట "అన్నా, కేక్ ఎక్కడ మంచిగ చేస్తారు?" అనే. నేను చెప్పిన చోటికే చాలామంది పోతారు. కాబట్టి అమ్మా, మీ ఏరియాలో డెకరేషన్ చేసేవాళ్లను, ఫోటోగ్రాఫర్లను కలవండి. ఉత్త చేతులతో వెళ్లి కార్డు ఇస్తే ఆ కార్డు డ్రాయర్లోనే ఉంటుంది. అరకిలో కేక్ ఇచ్చి రండి, తింటే గుర్తుంటుంది.

మాకు కావాల్సింది కమిషన్ కంటే టైం. ఫంక్షన్ ఏడు గంటలకు అంటే కేక్ ఆరున్నరకు టేబుల్ మీద ఉండాలి. లేటైతే మాట పడేది మేము. ఒకసారి టైం తప్పినవాళ్ల పేరు ఇంకెప్పుడూ చెప్పను. డెకరేషన్ రంగు ముందే అడిగి తెలుసుకుని దానికి తగ్గట్టు క్రీమ్ రంగు కలిపిస్తే మాకు ఇంకా సంతోషం. తొట్టెల ఫంక్షన్లు, ఓణీల ఫంక్షన్లు, ధోతి ఫంక్షన్లు, అన్నింట్లో ఇప్పుడు కేక్ ఉంటోంది. రెండు మూడు కిలోలవి.

జగిత్యాల వదిన

నా అనుభవం వేరే రకం. మా వైపు ప్రతి వాడకట్టులో ఎవరో ఒకరు దుబాయ్‌లోనో, సౌదీలోనో, మస్కట్‌లోనో ఉంటారు. బిడ్డ బర్త్‌డేకి తండ్రి రాలేడు, కేక్ అయినా పంపాలనుకుంటాడు. నాలుగేళ్ల కింద ఇట్లా ఒకాయన వాట్సాప్‌లో అడిగాడు. కేక్ మీద "నాన్న నుంచి" అని తెలుగులో రాయమన్నాడు. నేనే తీసుకెళ్లి ఇచ్చి, వాళ్ల ఇంట్లోంచే ఆయనకు వీడియో కాల్ చేయించా. పాప కేక్ కోస్తుంటే అక్కడ ఆయన, రూంలో ఉన్న మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి.

ఆ రూంలో ఉన్నవాళ్లందరికీ ఇక్కడ ఇళ్లున్నాయి, పిల్లలున్నారు. ఏడాది తిరిగేసరికి ఆ ఒక్క రూం నుంచి ఎనిమిది ఇళ్లు వచ్చాయి. ఇప్పుడు నా ఆర్డర్లలో సగం అవే.

దీంట్లో జాగ్రత్తగా చూసుకోవాల్సినవి ఉన్నాయి. టైం మొదటిది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, సౌదీ, కువైట్, ఖతర్ రెండున్నర గంటలు వెనక. సౌదీలో ఆరింటికి డ్యూటీ దిగితే మనకు ఎనిమిదిన్నర, చిన్నపిల్లలు అప్పటికి నిద్రకు తూగుతుంటారు. అందుకే సౌదీ వాళ్లకు శుక్రవారం సెలవు చూసి పెట్టుకుందామా అని నేనే అడుగుతా. పైసలు ఇక్కడి తమ్ముడో బామ్మర్దో ఫోన్‌పే చేస్తాడు, సగం ముందు, సగం కేక్ ముట్టినాక. పిల్లల పుట్టినరోజులన్నీ ఒక డైరీలో రాసుకుని పది రోజుల ముందు మెసేజ్ పెడతా. మర్చిపోయిన తండ్రులు కూడా ఉంటారు, గుర్తుచేసినందుకు మస్తు సంబరపడతారు. పిల్లల ఫోటో మాత్రం ఇంటివాళ్లను అడగకుండా స్టేటస్‌లో పెట్టను.

మీ హనుమకొండలో గల్ఫ్ తక్కువేమో, అమెరికా ఎక్కువ కదా. పిల్లలు అక్కడ, రిటైరైన తల్లిదండ్రులు ఇక్కడ. వాళ్ల పెళ్లిరోజులకు కేక్ ఎవరు పంపుతున్నారో చూడు చెల్లె.

కరీంనగర్ బేకింగ్

ఉచితంగా పంచే విషయంలో నాది వేరే మాట. నేను మొదట్లో మా అపార్ట్‌మెంట్‌లో 40 ఇళ్లకు కప్ కేకులు పంచాను. తిన్నారు, మెచ్చుకున్నారు. ఆర్డర్లు రెండే. పైగా తర్వాత అడిగినవాళ్లు కూడా "మనోళ్లే కదా" అని తక్కువకే అడిగారు. డెకరేషన్ వాళ్లకు ఇవ్వడం వేరు, వాళ్లు పదిమందికి చెప్తారు. అందరికీ పంచొద్దు. కావాలంటే చిన్న సైజు పెట్టి అమ్ము. 250 గ్రాముల బెంటో కేక్ అయితే "ఒకసారి చూద్దాం" అనుకునేవాళ్లు కొంటారు, నచ్చితే కిలోకి వస్తారు.

ఎగ్‌లెస్ తప్పకుండా నేర్చుకోండి. శనివారం, సోమవారం గుడ్డు ముట్టని ఇళ్లు ఎన్నో. శ్రావణమాసం ఒకటి, కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప మాలలు. మాల వేసుకున్న ఇంట్లో పిల్లాడి బర్త్‌డే వస్తే గుడ్డు లేదని నమ్మకం ఉన్న చోటే కొంటారు. పెరుగు, వంటసోడాతో స్పాంజ్ మెత్తగా వస్తుంది. కానీ మాట మీద నిలబడాలి. నేను ఎగ్‌లెస్‌కి గిన్నెలు, బీటర్ పుల్లలు, టిన్నులు అన్నీ వేరే పెట్టాను, ఆ సంగతి ఫోటో తీసి చూపిస్తాను. అందుకే వస్తున్నారు.

ఇంకో మాట. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించారా? నేను 2022లో ఆన్‌లైన్‌లోనే చేసుకున్నా. చిన్న వ్యాపారానికి అప్పుడు ఏడాదికి 100 రూపాయల ఫీజు. 14 అంకెల నంబర్ ఇస్తారు. దాన్ని అట్ట పట్టీ మీద కూడా వేయండి. స్కూళ్లు, ఆఫీసుల ఆర్డర్లకు నన్ను మొదట అదే అడిగారు.

గోదావరిఖని నుంచి

నెలాఖరు తేదీని వదులుకోకండి. మా దగ్గర ఆ రోజు రిటైర్మెంట్లు ఉంటాయి, సన్మానం, దండలు, కేక్ కోత. డిపార్ట్‌మెంట్‌లో ఒక్కరు పరిచయమైతే చాలు, ప్రతినెలా పిలుస్తారు. హనుమకొండలో కలెక్టరేట్, యూనివర్సిటీ, బ్యాంకులు అన్నీ ఉన్నాయి కదా.

ఎండ గురించి కూడా రాస్తాను, ఎందుకంటే నేను ఒక కస్టమర్‌ను దాని వల్లే పోగొట్టుకున్నాను. పోయిన మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు, రెండు అంతస్తుల కేక్. ఆటోలో ఒళ్లో పెట్టుకుని పోయా. పావుగంటలో పై అంతస్తు ఒక పక్కకు జారింది. స్పీడ్ బ్రేకర్ దగ్గర పూర్తిగా పడింది. ఆ పాప మొహం ఇప్పటికీ గుర్తుంది. డబ్బులు మొత్తం వాపసు ఇచ్చాను, రాత్రి ఇంకో కేక్ చేసి పంపాను, అయినా వాళ్లు మళ్లీ రాలేదు. వాళ్ల తప్పేం లేదు.

ఇప్పుడు థర్మోకోల్ డబ్బా, అడుగున గడ్డకట్టిన నీళ్ల సీసాలు, వాటి మీద అట్ట, దాని మీద కేక్. కేక్‌ను ముందు రాత్రే పూర్తిచేసి ఫ్రిజ్‌లో పెడితే లోపల దాకా గట్టిపడుతుంది. అంతస్తులుంటే మధ్యలో గట్టి స్ట్రాలు గుచ్చాలి, లేదా విడివిడిగా తీసుకెళ్లి అక్కడే పేర్చాలి. వెన్నతో చేసే బటర్‌క్రీమ్ మన ఎండకు నిలవదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఐదు తర్వాతే డెలివరీ అని ముందే చెప్పేస్తున్నా.

సుబేదారి వంటిల్లు

అందరికీ పేరుపేరునా దండాలు. అట్ట పట్టీలు ప్రింట్ చేయించాను. ఒక సందేహం. దసరాకి ఇంకా టైం ఉంది కానీ బతుకమ్మ ఆకారంలో కేక్ చేస్తే మన దగ్గర బాగా పోతుందా? ఫోటో కూడా బాగా వస్తుంది అనిపిస్తోంది.

కాజీపేట అక్క

వద్దు చెల్లె. గౌరమ్మను పెట్టి పూజ చేసి, చుట్టూ ఆడి, చెరువుకు సాగనంపేది బతుకమ్మ. దాన్ని కత్తితో కోసుడు నాకైతే మనసొప్పదు. మా అమ్మ చూస్తే బాధపడుతది.

జగిత్యాల వదిన

నేను కూడా అక్క మాటే. కానీ పూలు చేయొచ్చు కదా. మామూలు గుండ్రటి కేక్ చుట్టూ క్రీమ్‌తో తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలు. పోయినేడు చేశాను, ముసలివాళ్లు కూడా ముచ్చటపడ్డారు. తంగేడు పసుపు సరిగ్గా రావాలంటే రంగు ఒక్క చుక్కే వేయాలి.

ఫాతిమానగర్ ఓవెన్

క్రీమ్ లేని కేక్ గురించి ఎవరూ రాయలేదు. క్రిస్మస్‌కి ప్లమ్ కేక్ కోసం నేను అక్టోబర్ చివర్లోనే ఎండు పండ్లు నానబెడతాను. ఎండకు కరగదు, వారాల పాటు నిల్వ ఉంటుంది, బస్ పార్శిల్‌లో కూడా పంపొచ్చు. ఫాతిమానగర్, రైల్వే కాలనీల్లో డిసెంబర్ మొదటి వారానికే ఆర్డర్లు నిండిపోతాయి. ఆ ఇళ్లే తర్వాత ఏడాదంతా బర్త్‌డేలకు పిలుస్తాయి.

సుబేదారి వంటిల్లు (ఐదు వారాల తర్వాత)

అక్కలకు, వదినకు, అన్నకు చెప్పాలని వచ్చాను. ఈ ఐదు వారాల్లో 16 కేకులు. చుట్టాలవి ఐదే. రేటు 620 చేశాను. ఒక చుట్టం అలిగింది, మిగతావాళ్లు ఏమీ అనలేదు.

పదకొండు ఎట్లా వచ్చాయో ప్రతివాళ్లనూ అడిగి రాసుకున్నాను. నలుగురు ఫోటోలో అట్ట మీద నంబర్ చూసి. ముగ్గురు నక్కలగుట్టలో బెలూన్లు కట్టే ఒక తమ్ముడు చెప్తే. ఇద్దరు బెంటో కొనుక్కుని నచ్చి మళ్లీ వచ్చినవాళ్లు. ఒకటి నెలాఖరున బ్యాంకులో రిటైర్మెంట్‌ది.

చివరిది జగిత్యాల వదిన వల్లే. మా వీధి చివర రిటైరైన లెక్చరర్ గారు, ఆయన భార్య ఉంటారు. వాళ్లబ్బాయి అమెరికాలో. ఆంటీని అడిగి నంబర్ తీసుకుని, పెళ్లిరోజు ఎప్పుడని ఆ అబ్బాయికి మెసేజ్ పెట్టాను. "అక్కా, వచ్చే గురువారమే, నలభయ్యోది, మీరే చేయండి" అన్నాడు. ఇద్దరికీ షుగర్ కాబట్టి అరకిలోనే, తీపి తగ్గించి చేశాను. కాల్ కలిపి ఫోన్‌ను పూలకుండీకి ఆనించి పెట్టాను. సారు మాట్లాడలేకపోయారు, ఆంటీయే కేక్ ముక్క ఫోన్ దగ్గరికి తీసుకెళ్లి కొడుకుకు పెట్టినట్టు చేసింది. ఆ అబ్బాయి స్నేహితులు ఇద్దరు నిన్న మెసేజ్ చేశారు. ఒకరి అమ్మానాన్న హంటర్ రోడ్‌లో, ఇంకొకరివాళ్లు వడ్డేపల్లిలో.

కరీంనగర్ అక్కా, శ్రావణం దగ్గరికొస్తోంది, ఎగ్‌లెస్ టిన్నులు వేరే కొన్నాను. పెరుగుతో చేస్తే మధ్యలో కొంచెం దిగిపోతోంది. కిలో కేక్‌కి పెరుగు ఎంత వేస్తున్నారు, సోడా పెరుగులో కలుపుతారా, పిండిలో కలుపుతారా?

కరీంనగర్ బేకింగ్

పెరుగులోనే చెల్లె. నురగ వచ్చేదాకా ఐదు నిమిషాలు ఆగి పిండిలో కలుపు. కలిపాక ఆలస్యం చేయకుండా ఓవెన్‌లో పెట్టెయ్, ముందే వేడి చేసి ఉంచుకో. మొదటి ఇరవై నిమిషాలు తలుపు తెరవకు. పెరుగు ఎంత పడుతుందో దాని నీళ్లను బట్టి ఉంటుంది, ముందు గుడ్డలో వడకట్టి చూడు. రేపు ఒకటి చేసి, కోసిన ముక్క ఫోటో ఇక్కడ పెట్టు, చూసి చెప్తా.