పాపకి 4 నెలలు, మేమిద్దరం మాట్లాడుకునే టైమే దొరకట్లేదు
మాది నెల్లూరు. మా ఆవిడ, పాప కావలిలో పుట్టింట్లో 3 నెలలుండి పోయిన నెలే వచ్చారు. నాకు కృష్ణపట్నం పోర్టులో పొద్దున 6 నుంచి 2 దాకా డ్యూటీ, 5కే బండెక్కాలి. పాప రాత్రి 11కి, ఒకటిన్నరకి, మళ్ళీ 4కి లేస్తాది, పాలు తాగి పడుకునేసరికి ప్రతిసారీ ముప్పావుగంట.

గొడవల్లేవు, కానీ డైపర్లు అయిపోయినాయి, పాపకి విరేచనం అయిందా, ఇంతే మా మాటలు. మొన్న తను అన్నం ప్లేటు ఒళ్ళో పెట్టుకునే నిద్రపోయింది, చేతికి పప్పన్నం అట్నే ఎండిపోయుంది, చూసి ప్రాణం ఉసూరుమనింది. డాక్టర్ని అడిగితే డిప్రెషన్ లాంటిదేం లేదు, నిద్ర చాలక అలసట అన్నారు.

ఒకటిన్నరకి నేను లేస్తానని, తను పిండి ఫ్రిజ్‌లో పెట్టిన చనుబాలు ఉగ్గుగిన్నెతో పట్టినా. పాప తాగింది, కానీ ఏడుపు వినగానే తనకి మెలకువ, పైగా ఆ టైంకి పాలు నిండి నొప్పి. ఆదివారం పాపని మా అత్తమ్మకి అప్పజెప్పి మైపాడు బీచికి బయల్దేరితే ఇందుకూరుపేట దాటకముందే ఫోనొచ్చింది, వెనక్కి తిరిగాం. రాత్రి 9కి ఫోన్లు పక్కన పెట్టి మాట్లాడుకుందామనుకున్నాం, పెట్టంగానే ఇద్దరం నిద్రే.

ఇంక మిగిలింది ఒకటే, నేను 3కి ఇంటికొస్తా, పాప మూడున్నర నుంచి నాలుగున్నర దాకా పడుకుంటాది. షిఫ్టు డ్యూటీలు చేస్తా చిన్నబిడ్డని పెంచినోళ్ళు చెప్పండి, ఆ గంట తనని నిద్రపోనివ్వాలా, లేక అందులో ఓ 20 నిమిషాలు ఇద్దరం కలిసి కూర్చోవాలా?