సగం జీతానికి ఒప్పుకున్నా మెస్సీని ఎందుకు వదులుకున్నారు?

ప్రశ్న (తిరుపతి):
2021 ఆగస్టులో మెస్సీ బార్సిలోనాను వదిలిన రోజు ఏడ్చినవాళ్ళలో నేనొకణ్ణి. జీతం సగానికి తగ్గించుకుంటానన్నా క్లబ్బు ఆయన్ని ఉంచుకోలేకపోయింది. లెక్కలు తెలిసిన అన్నలు ఎవరైనా విడమరచి చెప్పండి.

జవాబు (చిత్తూరు):
తమ్ముడూ, నాది అకౌంట్స్ పనే. స్పెయిన్ ఫుట్‌బాల్ లీగు లా లిగాలో జట్టు మీద పెట్టే ఖర్చుకు ఒక్కో క్లబ్బుకు ఒక్కో పరిమితి. రాబడిలోంచి ఇతర ఖర్చులు, కట్టాల్సిన అప్పులు తీసేస్తే మిగిలిందే జట్టుకు పెట్టాలి. 2019-20లో బార్సిలోనా పరిమితి 671 మిలియన్ యూరోలు. మెస్సీ వెళ్ళాక సెప్టెంబరులో ప్రకటించింది సుమారు 98 మిలియన్లే! ఆయన లేకపోయినా జీతాలు రాబడిలో 95 శాతమని అధ్యక్షుడు లపోర్తాయే చెప్పాడు. ఇక సగం జీతం ఏ మూలకు? తప్పంతా కోవిడ్‌దే అంటే మాత్రం నేను ఒప్పుకోను. కుటీన్యో, గ్రీజ్‌మన్ అనే ఆటగాళ్ళ కోసం అంతకుముందే చెరో వంద మిలియన్ల పైన పోశారు.

జవాబు (తిరుపతి, లాడ్జి మేనేజరు):
అమెరికన్ ఫుట్‌బాల్‌లో పద్ధతి వేరండీ. అక్కడి పెద్ద లీగు ఎన్ఎఫ్ఎల్‌లో అన్ని జట్లకూ ఒకటే పరిమితి, అది లీగు రాబడిని బట్టి మారుతుంది. 2020లో చాలా స్టేడియాలు ఖాళీ. దర్శనాలు ఆగినప్పుడు మా లాడ్జి గదుల్లాగే. దాంతో 198.2 మిలియన్ డాలర్ల పరిమితి 2021లో 182.5కి దిగింది. స్టార్ల డబ్బును తర్వాతి ఏళ్ళ లెక్కల్లోకి నెట్టి సర్దుకున్నారు. వేటు పడింది ఖరీదైన సీనియర్ల మీద. 2022లో పరిమితి 208.2కి ఎక్కింది గానీ, ముప్పై దాటిన ఆటగాడికి ఒక్క ఏడాది పోవడమంటే చిన్న నష్టమా?

ప్రశ్న అడిగినవారు:
థ్యాంక్సన్నా. మరి పాత అప్పులున్న క్లబ్బు కొత్త ఆటగాణ్ణి ఎలా రిజిస్టర్ చేస్తుంది? అదీ చెప్పండి.