వేలిముద్రల బ్యూరోలో పని ఎలా ఉంటుంది? తెలిసినవాళ్లు చెప్పండి

దేవరకొండ_బీఎస్సీ
అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. నల్లగొండలో డిగ్రీ అయిపోయింది, ఇప్పుడు ఎస్ఐ కోచింగ్‌లో ఉన్నాను. 2022 నోటిఫికేషన్‌లో ఫింగర్ ప్రింట్ బ్యూరోకి ఏఎస్ఐ పోస్టులు 8 ఇచ్చారు. మళ్లీ పడితే అప్లై చేయాలా వద్దా అని ఆలోచిస్తున్నా. ఇంట్లో మాత్రం "పోలీసు ఉద్యోగమంటే స్టేషన్ల ఉండాలె, గీతలు చూసుకుంట కూసునుడేంది" అంటున్నారు. వీడియోల్లో చూస్తే కంప్యూటర్ బీప్ అనగానే దొంగ ఫొటో వచ్చేస్తుంది. నిజంగా రోజూ ఏం చేస్తారు? జీతం సంగతి నాకు తెలుసు, పని సంగతి చెప్పండి.

స్టేషన్_రైటర్
బీప్ అని దొంగ బయటికి రావడం నేనైతే ఇంతవరకు చూడలేదు తమ్ముడూ. క్లూస్ టీం వచ్చేదాకా జనాన్ని గుమ్మం దగ్గర ఆపలేక మా గొంతు పోవడం మాత్రం చూశాను. ఊళ్లలో దొంగతనం జరిగిందంటే చుట్టాలు, పక్కింటోళ్లు, సర్పంచి, అందరూ లోపలికి వచ్చి బీరువా తలుపు తీసి చూసి "అయ్యో" అనాల్సిందే.

పాత_ఇంకు
నేను బ్యూరోలో చేసి రిటైరయ్యాను, ఎక్కువ కాలం పాలమూరు వైపే. ముందు ఒక విషయం. బ్యూరో వేరు, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎఫ్ఎస్ఎల్ అనే ఫోరెన్సిక్ ల్యాబ్ వేరు. రక్తం, విషం, డీఎన్ఏ అన్నీ అక్కడికి పోతాయి. వేలిముద్రల బ్యూరో సీఐడీ కింద ఉంటుంది. చాలామంది పోలీసులే రెండూ ఒకటనుకుంటారు.

పనిలో ఎక్కువ భాగం కూర్చుని పోల్చడమే. సీన్‌లో దొరికిన ముద్రను ఛాన్స్ ప్రింట్ అంటాం. దాన్ని మెషిన్‌లోకి ఎక్కిస్తే, అది నేరుగా పేరు చెప్పదు. దగ్గరగా ఉన్నవాళ్ల జాబితా ఒకటి మార్కుల వరుసలో ఇస్తుంది. మొదటి వరుసలో ఉన్నవాడే మనిషి అనుకుంటే కొంప మునుగుతుంది. అక్కడి నుంచి పని నీదే. ముందు గీతల పోకడ చూడాలి: ఉచ్చులా మలుపు తిరిగిన లూపా, సుడిలా తిరిగిన వోర్లా, విల్లులా వంగిన ఆర్చా. తర్వాత ఏ గీత ఎక్కడ ఆగింది, ఏది రెండుగా చీలింది, వాటి మధ్య ఎన్ని గీతలున్నాయి అని లెక్కపెట్టుకుంటూ పోవాలి. మన దగ్గర మామూలుగా ఎనిమిది పాయింట్లు కలవాలంటారు. కానీ కారణం చెప్పలేని తేడా ఒక్కటి కనబడినా ఆ ఎనిమిదీ దండగే. నువ్వు తేల్చాక ఇంకో ఎక్స్‌పర్ట్ మళ్లీ మొదటి నుంచి చూస్తాడు.

మేం చేరినప్పుడు కంప్యూటర్ లేదు. పదివేళ్ల స్లిప్పులను హెన్రీ పద్ధతిలో సర్దేవాళ్లం. ఏ వేలికి వోర్ల్ ఉందో చూసి అంకెలు వేస్తే 1,024 తరగతులొస్తాయి. 1897లో కలకత్తాలో ప్రపంచంలోనే మొదటి బ్యూరో పెట్టారు. ఆ లెక్కంతా అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మనవాళ్లు కట్టింది. పేరు మాత్రం పై అధికారి హెన్రీ దొరకు పోయింది. ఈ మాట ఎత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, పోనీ.

వనపర్తి_ఫోరెన్సిక్
సార్, బ్యూరోలో చేరగానే ఎక్స్‌పర్ట్ అయిపోతామా? నేను ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ చేస్తున్నాను. మా క్లాసులో దీనికి జవాబు ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు.

పాత_ఇంకు
కాదమ్మా. బ్యూరోలో కొన్నాళ్లు పనిచేశాక ఢిల్లీలోని సెంట్రల్ ఫింగర్ ప్రింట్ బ్యూరోవాళ్లు పెట్టే ఆలిండియా బోర్డు పరీక్ష రాయాలి. థియరీ, ప్రాక్టికల్ రెండూ ఉంటాయి. అది గట్టెక్కినవాడి మాటకే కోర్టులో విలువ. మొదటిసారే పాసవుతామని ధీమాగా వెళ్లొద్దు.

క్లూస్_వ్యాన్
నేను నల్లగొండ వైపు సీన్లకు వెళ్తుంటాను, మహిళనే. పాత ఇంకు సార్ గదిలోపలి పని చెప్పారు, నేను బయటి పని చెప్తా.

ఇంట్లో దొంగతనమైతే అందరూ బీరువా హ్యాండిల్ చూపిస్తారు. దాని మీద ముద్రల మీద ముద్రలు పడి ఉంటాయి, ఒక్కటీ విడిగా రాదు. పైగా మన ఇళ్లలో బీరువాకి పసుపు కుంకుమ పెడతారు, పౌడర్ వెళ్లి దానికే పట్టుకుంటుంది. నేను ముందు బాత్రూం వెంటిలేటర్ దగ్గరికి పోతా. అందులో వరసగా ఉండే అద్దాల పట్టీలను దొంగ ఒక్కొక్కటిగా లాగి, చప్పుడు కాకుండా గోడ వారకు పెడతాడు. అలా లాగాలంటే బొటనవేలు ఒక పక్క, మిగతా వేళ్లు ఇంకో పక్క గట్టిగా పట్టాలి. నున్నటి అద్దం, పూర్తి వేళ్లు, పైగా ఇంటివాళ్లెవరూ ముట్టని చోటు. ఇంకేం కావాలి. తర్వాత లాకర్ లోపలి రేకు, నగల డబ్బా మూత, ఫ్రిజ్‌లోంచి తీసి తాగి పెట్టిన సీసా. అవును, చాలామంది దొంగలు నీళ్లు తాగుతారు.

బ్రష్ కొసకు మాత్రమే పౌడర్ అంటించి, దులిపి, ముట్టీ ముట్టనట్టు తిప్పాలి. గీత కనబడటం మొదలైందంటే ఇక గీత ఎటు పోతుంటే బ్రష్ అటే పోవాలి, అడ్డంగా పోతే చెరిగిపోతుంది. ఎక్కువ పౌడర్ పడితే గీతల మధ్య సందులు పూడిపోతాయి, అదిక మళ్లీ రాదు. స్కేలు పెట్టి ఫొటో తీశాకే టేపు వేయాలి. ముందు టేపు వేసి అది గాలి బుడగతో పాడైతే చేతిలో ఏమీ మిగలదు.

ఎండాకాలం మాకు శత్రువు. మేలో నల్లగొండ ఎండకు రేకుల ఇంట్లో ముద్రలోని చెమట ఆరిపోయి పౌడర్ అంటదు. ప్లాస్టిక్ వస్తువులైతే తెచ్చి సూపర్ గ్లూ పొగ పెడతాం. కాగితమైతే నిన్‌హైడ్రిన్, ముద్ర ఊదా రంగులో తేలుతుంది. వానలో తడిసిన బండి మీదికి వేరే ద్రావణం ఉంది. మట్టిగోడ, తుప్పు పట్టిన గొళ్లెం మీద మాత్రం దేవుడే దిగిరావాలి.

మిర్యాల_మిల్లు
మేడం, మీరు చెప్పింది బాగానే ఉంది కానీ నా బాధ వినండి. మేం యాదగిరిగుట్టకు పోయి వచ్చేలోపు మా ఇంట్లో దొంగలు పడ్డారు. టీం వచ్చింది, ఇల్లంతా నల్లపొడి చల్లింది, మా ఆవిడవీ పిల్లలవీ వేళ్లు కూడా తీసుకుంది. మేమేమన్నా దొంగలమా? ఏళ్లయినా ఎవరూ దొరకలేదు. ఆ పొడి మాత్రం తెల్లగోడ మీద ఇంకా ఉంది.

క్లూస్_వ్యాన్
అన్నా, మీ బాధ న్యాయమే. పొడి చల్లేటప్పుడు ముందే చెప్పాల్సింది. గోడకు పట్టిందంటే నీళ్లతో రుద్దితే ఇంకా పాకుతుంది, ముందు పొడిబట్టతో దులపాలి.

ఇంటివాళ్ల వేళ్లు తీసుకునేది అనుమానంతో కాదు. దొరికిన ముద్రల్లో మీవి తీసేస్తేనే బయటివాడిది మిగులుతుంది. ఇక దొరకలేదు అన్నారు కదా, మీ ఇంట్లో పనికొచ్చే ముద్ర దొరికి ఉంటే అది తెగని ముద్రల లెక్కలో సిస్టంలోనే ఉంటుంది. రేపెప్పుడో వాడు ఇంకో జిల్లాలో ఇంకో కేసులో పట్టుబడి పదివేళ్లూ ఎక్కించారనుకోండి, సిస్టం వాటిని పాత ముద్రలతో కూడా పోల్చుతుంది. మన రాష్ట్రంలో వేలిముద్రలు పోల్చే పాపిలాన్ అనే సిస్టం ఉంది. 2022 నుంచి దేశం మొత్తానికి నాఫిస్ అనే అలాంటి సిస్టమే వచ్చింది, పట్టుబడ్డ ప్రతి ఒక్కరికీ పదంకెల నంబర్ పడుతుంది. ఎన్‌హెచ్ 65 మీద రాత్రికి రాత్రి వచ్చి పోయే గ్యాంగులకు జిల్లా హద్దులతో పనేముంది?

నల్లకోటు
నల్లగొండ కోర్టుల్లో డిఫెన్స్ చేస్తాను. తమ్ముడూ, నీ పని కంప్యూటర్ దగ్గర అయిపోదు, బోనులో నా ముందు అయిపోతుంది. నేను అడిగేవి ఇవి: ముద్ర తీసినప్పుడు పంచులు, అంటే పక్కనున్న సాక్షులు ఎవరు? కవర్ మీద సీలు ఉందా? నా క్లయింటు వేళ్లు ఎవరు తీశారు, ఎప్పుడు? రెండో ఎక్స్‌పర్ట్ విడిగా చూశాడా, లేక నీ రిపోర్టు కింద సంతకం పెట్టాడా? అన్నిటికంటే ముఖ్యం, ఈ ముద్ర ఏ రోజు పడిందో చెప్పగలవా? చెప్పలేడు. ముద్ర వయసు నమ్మకంగా తేల్చే పద్ధతి లేదు. మా వాడు అంతకుముందు వారం ఆ ఇంట్లో ఫ్యాను బిగించి పోయినవాడైతే, ఇక ఆ ముద్ర దేనికి సాక్ష్యం?

ఒకప్పుడు ఎవిడెన్స్ యాక్టు 45, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 39. సెక్షన్ ఏదైనా ఎక్స్‌పర్ట్ ఇచ్చేది అభిప్రాయమే, తీర్పు జడ్జిదే. అలాగని వేళ్లు ఇవ్వను అని ముద్దాయి మొండికేస్తే కుదరదు. అది తన మీద తాను సాక్ష్యం చెప్పుకోవడం కిందికి రాదని 1961లోనే కాఠీ కాలూ కేసులో సుప్రీంకోర్టు 11 మంది జడ్జీలతో తేల్చేసింది. 2022లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ (ఐడెంటిఫికేషన్) చట్టం ప్రకారం ఆ రికార్డు 75 ఏళ్లు ఉంటుంది. కేసు కొట్టేస్తే తీసేయాలని కూడా అందులోనే ఉంది, అది అడిగేవాళ్లే తక్కువ.

స్టేషన్_రైటర్
వకీల్ సాబ్, మీరు అడిగే ప్రశ్నలకు మాకు టెన్షన్, మా ఎస్ఐకి టెన్షన్. ముద్ర కలిసిందని బ్యూరో రాస్తే కేసు గట్టిపడుతుంది. అందుకే కేసు దర్యాప్తు చేసే కొందరు ఐఓలు ఫోన్ చేసి "సార్, కొంచెం చూడండి సార్" అని బతిమాలుతారు.

పాత_ఇంకు
ఆ మాట వచ్చింది కాబట్టి చెప్తాను, తమ్ముడు అడిగిన దానికి అసలు జవాబు ఇదే. ఈ ఉద్యోగంలో కష్టం కలిపి చూపడం కాదు, "పోల్చడానికి పనికిరాదు" అని రాయడం. వచ్చే ముద్రల్లో చాలావరకు సగం వేలు, జారిన వేలు, ఒకదాని మీద ఒకటి పడినవి. పెద్ద కేసు, పేపర్లో వచ్చింది, పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. నీ ముందు ఏడు పాయింట్లే ఉన్నాయి. ఎనిమిదోది ఉన్నట్టూ ఉంటుంది, లేనట్టూ ఉంటుంది. బాగా కావాలనుకుని చూస్తే ఆ ఎనిమిదోది కనబడుతుంది! అప్పుడు స్లిప్పు పక్కన పెట్టి లేచి టీ తాగి రావాలి.

2004లో మాడ్రిడ్ రైలు పేలుళ్లప్పుడు ఒక సంచి మీది ముద్ర అమెరికాలోని ఒక వకీలుదేనని ఎఫ్‌బీఐ ఎక్స్‌పర్టులు తేల్చారు, ఒకరి తర్వాత ఒకరు. స్పెయిన్ పోలీసులు అది వేరేవాడిదని చూపించాక ఆయన్ని వదిలి క్షమాపణ చెప్పుకున్నారు. అంత సరంజామా ఉన్నవాళ్లకే ఆ గతి పట్టింది. చేతిలో ముద్ర పెట్టుకుని ఫోన్ ఎత్తకు అని మా కింద చేరినవాళ్లకు చెప్పేవాణ్ణి.

క్లూస్_వ్యాన్
సార్, సీన్‌కి రాగానే "ఫలానావాడి మీద అనుమానం" అని చెవిలో చెప్పేవాళ్లను కూడా కలపండి. నేను వినదల్చుకోను. ఆ పేరు తలలో ఉంటే పోల్చేటప్పుడు కళ్లు అటే పోతాయి.

గద్వాల_మగ్గం
నాదో అనుమానం. మా అమ్మ వేళ్లు రేషన్ షాపులో మెషిన్‌కు పడవు. ఎప్పుడూ "మళ్లీ పెట్టు, మళ్లీ పెట్టు". అలాంటివాళ్లకు వేలిముద్రలే లేవా?

పాత_ఇంకు
ఉన్నాయి. పాలమూరు నుంచి వలసపోయి బండ కొట్టేవాళ్లు, సిమెంటు పని చేసేవాళ్లు, పత్తి ఏరేవాళ్లు, వీళ్లందరిదీ ఇదే కథ. పై పొర అరిగిపోతుంది. గీతల వేరు కింది పొరలో ఉంటుంది కాబట్టి కొన్ని వారాలు పని ఆపితే అవే గీతలు మళ్లీ పైకొస్తాయి. అరిగిన వేళ్ల స్లిప్పు తీయాలంటే నేను చేతులు గోరువెచ్చటి నీళ్లతో కడిగించి, బాగా తుడిచి, ఇంకు పలచగా రుద్దేవాణ్ణి. కొత్తవాళ్లు గీత రావట్లేదని ఇంకు పెంచుతారు, అప్పుడు ఉన్న గీత కూడా మునిగిపోతుంది.

నల్లకోటు
ఇంకు అంటే గుర్తొచ్చింది. భూమి కేసుల్లో పాత క్రయ చిట్టీ మీద ముసలమ్మ నిశాని వేసి ఉంటుంది. "మా నానమ్మది కాదు" అని మనవడు దావా వేస్తాడు. స్టాంపు ప్యాడులో వేలు ముంచి నొక్కిన నిశాని, మొత్తం నల్లటి మచ్చ. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో బొటనవేలి ముద్రల రిజిస్టరు ఉంటుంది కాబట్టి రిజిస్ట్రేషన్ అయిన కాగితమైతే కొంత నయం. రిజిస్ట్రేషన్ లేని సాదా బైనామా అయితే చాలాసార్లు "పనికిరాదు" అనే వస్తుంది, ఇద్దరు క్లయింట్లూ నన్నే తిడతారు.

వనపర్తి_ఫోరెన్సిక్
గుర్తు తెలియని శవాల సంగతి ఎవరూ చెప్పలేదు. అది కూడా ఈ పనిలోదేనా?

క్లూస్_వ్యాన్
ఈ పనిలోదే. అన్నం తినేవాళ్లుంటే ఇది వదిలేయండి. సాగర్ ఎడమ కాల్వలో రోజుల తరబడి ఉన్న శవమైతే వేళ్ల చర్మం ముడతలు పడి ఉంటుంది. సూదితో లోపలికి ద్రవం ఎక్కిస్తే కొన్నిసార్లు వేలు నిండుకుని గీతలు తేలతాయి. ఇంకా ఎక్కువ రోజులైతే చర్మం తొడుగులా ఊడి వస్తుంది. దాన్ని మన గ్లవ్ వేలికి తొడుక్కుని ముద్ర వేయాలి. మొదటిసారి చేసినరోజు ఇంటికెళ్లి ఎవరితోనూ మాట్లాడలేదు, ఇప్పుడు మాట్లాడతాను. పాత కేసు ఏదైనా ఉన్న మనిషైతే సిస్టంలో పేరు తగులుతుంది, ఇంటివాళ్లకు కబురు పోతుంది. ఏ కేసూ లేని మంచివాడైతే తగలదు, అదీ విచిత్రం.

దేవరకొండ_బీఎస్సీ
అందరికీ థాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. పోస్టులు పెరిగే అవకాశం ఉందా?

నల్లకోటు
2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ బదులు అమలైన బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 176(3) చదువు. ఏడేళ్లు, అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణులు సీన్‌కి రావాల్సిందే. రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చారు. పని పెరగడం ఖాయం, పోస్టులు పెంచడం సర్కారు దయ.

పాత_ఇంకు
అప్పటిదాకా ఖాళీగా ఉండకు. ఇంట్లో ఒకరి పదివేళ్లూ గోరు అంచు నుంచి గోరు అంచు దాకా దొర్లించి తెల్లకాగితం మీద తియ్యి. లెన్స్ పెట్టి కోర్ (గీతల నడిమి బిందువు), డెల్టా (గీతలు మూడు వైపులకు విడిపోయే చోటు) గుర్తించి మధ్య గీతలు లెక్కపెట్టు. ఒక గంట తర్వాత కూడా ఇంకా చూడాలనిపిస్తే అప్లై చెయ్యి. విసుగొస్తే సివిల్ ఎస్ఐకే పో, తప్పేం లేదు.

దేవరకొండ_బీఎస్సీ
సార్, మా చిన్నాన్నవి తీశాను. కుడి ఉంగరపు వేలికి రెండు డెల్టాలు కనిపిస్తున్నాయి. వోర్ల్ అనుకోవచ్చా? ఫొటో పెట్టనా?

పాత_ఇంకు
రెండు డెల్టాలుంటే వోర్ల్ గుంపే. మధ్యలో ఎస్ ఆకారంలో తిరిగి ఉంటే ట్విన్ లూప్ కావచ్చు, చూసుకో. ఫొటో మాత్రం ఇక్కడ పెట్టకు. 2018లో పెద్దపల్లి జిల్లాలో రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిన కేసు తెలుసు కదా. పొరపాటున కూడా పెట్టకు.