ఊరికి బస్సు రావాలంటే జనాభా లెక్కే కొలమానమా?

బడిపంతులు:
మాది రెవెన్యూ లెక్కల్లో ఒకటే గ్రామం, నడిచి చూస్తే మూడు ఊళ్లు. నడి ఊరు, అవతల మజరా, వాగు దాటాక కాలనీ. ఒకప్పుడు నైట్ హాల్ట్ బస్సు ఉండేది. రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చి రచ్చబండ పక్కన ఆగేది. డ్రైవరూ కండక్టరూ పంచాయతీ ఆఫీసులో పడుకుని, తెల్లారి ఆరింటికి బండి తీసేవారు. కరోనాలో ఆగింది, మళ్లీ రాలేదు. అర్జీ పట్టుకుపోతే "మీ ఊరి జనాభా ఎంత?" అన్నారు. 2011 జనగణన అంకె చెప్పాను. "అంతేనా?" అని కాగితం పక్కన పెట్టేశారు. బస్సు లేకే కదా పిల్లల చదువులున్న ఇళ్లన్నీ టౌన్లో అద్దెకు చేరుతున్నాయి. జనం తగ్గారని బస్సు వేయకపోతే, బస్సు లేదని జనం ఇంకా తగ్గుతారు. ఇది న్యాయమేనా?

రిటైర్డ్ కండక్టర్:
మాస్టారూ, మీ బాధ నాకు తెలుసు. కానీ జనాభా ఎంతున్నా డిపోలో ఆఖరికి చూసేది కిలోమీటరుకు వచ్చిన ఆదాయం, ఓఆర్, అంటే సీట్లు ఎంత మేర నిండాయన్నది. పల్లెవెలుగులో పాతికేళ్లు టిక్కెట్లు కొట్టాను. మెయిన్ రోడ్డు దిగాక ఆఖరి ఆరు కిలోమీటర్లు నలుగురితో పోయిన ట్రిప్పులు ఎన్నో. ఇంకో మాట, కోపగించుకోకండి. బస్సుకు ఐదు నిమిషాల ముందు షేర్ ఆటో వచ్చి జనాన్ని ఎత్తుకుపోయేది. ఎక్కింది ఊళ్లోవాళ్లే. పెద్ద ఊరైనా ఆ ట్రిప్పు నిలవదు.

పాడేరు వైపు నుంచి:
బస్సు సంగతి తర్వాత అన్నా, మాకు రోడ్డుకే జనాభా అడ్డం. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదానంలో 500 మంది, కొండల్లో, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉంటేనే ఆవాసానికి రోడ్డు. తీవ్రవాద ప్రభావమున్న బ్లాకుల్లో 100కి తగ్గించారు. కొండల్లో కిలోమీటరున్నర దారిలోపు ఉన్న గూడేలను కలిపి లెక్కించొచ్చని కూడా ఉంది. మా కొండ మీద ఇరవై ఇళ్లు ఒకచోట, పదిళ్లు మూడు కిలోమీటర్ల పైన. ఏం కలుపుతారు? 2024లో ఆమోదించిన నాలుగో దశకీ 2011 లెక్కే ఆధారం. అప్పుడు పుట్టని పిల్లలు ఇప్పుడు హాస్టల్లో చదువుకుంటున్నారు. పోయిన వానాకాలం మా వదినకు నొప్పులొస్తే, దుంగకు దుప్పటి కట్టి డోలీలో మోశాం. జారుడు దగ్గర నలుగురం చాలక, ముందువాళ్ల నడుం పట్టుకోడానికి ఇంకో ఇద్దరు కావాల్సి వచ్చింది. కింద అంబులెన్సు ఆగే ఉంది. అది పైకి రాలేదంతే.

బడిపంతులు:
తమ్ముడూ, చదివి చేయి ఆడలేదు. నీది ముందు తేలాల్సిన విషయం.
కండక్టర్ గారూ, ఆటో మాట ఒప్పుకుంటాను. కానీ మా బస్సు హైస్కూలు బెల్లు కొట్టాక దింపేది, సాయంత్రం బడి వదలకముందే తిరిగిపోయేది. ఆటో ఎక్కక ఏం చేస్తారు? 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమన్నారు. మా ఊరి ఆడవాళ్లు ఆనాటికీ ఈనాటికీ ఆటోకే డబ్బు కడుతున్నారు.

రిటైర్డ్ కండక్టర్:
అక్కడే మీకు దారుంది మాస్టారూ. జీరో టిక్కెట్ కొట్టినా ఆ మనిషి ప్రయాణికురాలిగా లెక్కలోకొస్తుంది. ఆ డబ్బు సంస్థకు ప్రభుత్వం ఇవ్వాల్సిందే. ఊరి జనాభా రాయకండి. వారం రోజులు పొద్దున, సాయంత్రం రోడ్డు మీద నిలబడి ఎవరు ఏ టైముకి ఎక్కడికి పోతున్నారో రాయండి. బడిపిల్లలు, కూలికి పోయేవాళ్లు, సంతరోజు విడిగా. నైట్ హాల్ట్ అడగొద్దు, స్టాఫ్ దొరకరు. బడి టైముకి రెండు ట్రిప్పులే అడగండి. ఆ కాగితం పక్కన పెట్టడం కష్టం.

పాడేరు వైపు నుంచి:
మాస్టారూ, మీకు రోడ్డుంది కాబట్టి నిలబడి లెక్కపెట్టొచ్చు. మా దగ్గర కొండ దిగలేక ఇంట్లోనే ఉండిపోయిన ముసలివాళ్లు, నెల చెకప్పుకు పోని గర్భిణులు ఏ దారి మీదా కనపడరు. వాళ్లను ఎక్కడ నిలబడి లెక్కపెట్టమంటారు?